మొదటి నీళ్లు

మా అల్లుడు ఉప్పును గ్రాముల్లో తూచే మనిషి. కూరలో ఉప్పు సంగతి మా అమ్మాయి చూసుకుంటుంది లెండి, ఇతను తూచేది చేపల తొట్టిలోకి. అది కూడా చేపలు లేని తొట్టిలోకి.

ఇరవై లీటర్లు పట్టే గాజు పెట్టె అది. నా పనిముట్ల సంచి దానికంటే పెద్దది. దాన్ని హాల్లో, పుస్తకాల బీరువా పక్కన పొట్టి బల్ల మీద పెట్టి, "చిన్న సముద్రం పెడుతున్నాను మామయ్యా" అన్నాడు. నలభై ఒక్క ఏళ్లు ప్లంబింగ్ చేశాను నేను. ఆసుపత్రి తొమ్మిదో అంతస్తుకి నీళ్లెక్కించాను, బట్టల మిల్లుకి వేడినీళ్ల లైను వేశాను. బకెట్టుడు నీళ్లను సముద్రం అన్నవాణ్ణి మాత్రం ఎక్కడా చూడలేదు.

అల్లుడి ఉద్యోగం భవనాలకు ప్లాన్లు గీయడం. ఇలాంటివాళ్లు గీసిన కాగితాలు పట్టుకునే నా బతుకంతా గడిచింది కనక వీళ్ల సంగతి నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. పైపును నేరుగా దూలంలోంచి నడిపిస్తారు. వాల్వును ఎవడి చెయ్యీ దూరని మూలన పెడతారు. అడిగితే "సైటులో సర్దుకోండి" అంటారు. సర్దుకునేది ఎవరు? నేను. ఇరవై ఏళ్ల వయసు నుంచి ఈ మేధావుల గీతలన్నీ సర్దుతూ వచ్చాను, చివరికి వాళ్లలోంచే ఒకణ్ణి ఏరుకొచ్చి మా అమ్మాయి పెళ్లి చేసుకుంది.

మా ఆవిడ పోయాక వీళ్ల దగ్గరికి వచ్చి ఉంటున్నాను. వచ్చిన వారానికే ఇంట్లో నీళ్ల లైను చూసి ఒళ్లు మండింది. అంతా నాసిరకం ప్లాస్టిక్. మొత్తం పీకేసి, వంటగది, బాత్రూములు, బాల్కనీ వరకూ రాగి పైపు వేశాను. రెండు నెలలు పట్టింది. ఒక్కణ్ణే, ఎవరి సాయమూ లేకుండా చేశాను. ఒక్క అతుకు కూడా ఇంతవరకు చెమ్మగిల్లలేదు. నా చేతులు పట్టు తప్పకముందు చేసిన ఆఖరి పెద్ద పని అది. అల్లుడు చూసి "చాలా బాగుంది మామయ్యా" అన్నాడు. అతను అన్నింటికీ అదే మాట అంటాడు, కనక దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇక తొట్టి. ముందు ఇసుక పోశాడు. తర్వాత రెండు రాళ్లు తెచ్చాడు. వాటిని లైవ్ రాక్ అంటారట, ప్రాణమున్న రాళ్లట. రాయికి ప్రాణమేమిటి నాయనా అంటే, దాని రంధ్రాల్లో కంటికి కనపడని క్రిములుంటాయి, నీళ్లలో మురికిని అవే తినేస్తాయి అన్నాడు. ఆ క్రిములు కుదురుకునేదాకా ఇంకేదీ వెయ్యకూడదట. ఆరు వారాలు ఆ రాళ్లకు దీపం పెట్టి, హీటరు పెట్టి, మోటారు తిప్పాడు. రోజూ ఆఫీసు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కల మందు వేసి, రంగు మారిందా లేదా అని కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. పక్కింటి టైలరు ఒకరోజు వచ్చి "చేపలేవండీ?" అని అడిగాడు. "ఇంకా పుట్టలేదు" అన్నాను. టైలరు నవ్వాడు. అల్లుడు కూడా నవ్వాడు. కోపం రాని మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో మీకు తెలుసో లేదో.

నీళ్లు రోజూ కాస్త కాస్త ఆవిరైపోతుంటాయి కదా, గాజు మీద టేపు ముక్క అంటించి ఆ గీత దాకా ఓ గ్లాసుడు మంచినీళ్లు పోసేవాడు. ఇక్కడ దొరికాడు అనుకున్నాను.

"తగ్గింది ఉప్పునీళ్లయితే పోసేది మంచినీళ్లా? ఇదేం లెక్క?"

"ఉప్పు ఎగిరిపోదు మామయ్యా. నీళ్లే ఎగిరిపోతాయి. మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరిగిపోతుంది. తొట్టి చిన్నది కదా, తట్టుకోలేదు."

అతను చెప్పింది నిజమే. అందుకే ఇంకా చిరాకేసింది.

ఆ మంచినీళ్లయినా కుళాయివి కావు. తొట్లు అమ్మే షాపు నుంచి పెద్ద డబ్బాలో వడకట్టిన నీళ్లు మోసుకొచ్చేవాడు, మూడంతస్తులు మెట్లెక్కి. మన కుళాయి నీళ్లకేం రోగం అని అడిగాను. "మనకేం కాదు మామయ్యా, వీటికి పడవు. వాటిలో అవీ ఇవీ ఉంటాయి" అన్నాడు. అవీ ఇవీ అంటే ఏవో విడమర్చి చెప్పలేనివాళ్లే ప్లాన్లు గీస్తారు.

ఏడో వారంలో మూడు నత్తలు, గుండీల్లాంటి పచ్చటి పగడం ముక్క ఒకటి, ఒక చారల చేప, ఒక రొయ్య వచ్చాయి. చేప నా బొటనవేలంత ఉంటుంది. రొయ్య నా చిటికెన వేలంత. దానికి ఒక చెయ్యి మామూలుది, రెండోది బండది. ఆ బండ చేత్తో చిటిక వేస్తే హాలు దాటి వంటగదిలోకి వినిపిస్తుంది. కళ్లు సరిగ్గా కనపడవట. సంచిలోంచి వదలగానే అది రాయి కిందికి పోయి పని మొదలుపెట్టింది.

నేను ఇప్పటిదాకా ఈ తొట్టి గురించి ఒక్క మంచి మాటా చెప్పలేదు కదా. ఈ రొయ్య గురించి చెప్తాను. అది రాయి కింద సొరంగం తవ్వింది. ఇసుకను రెండు చేతులా బయటికి తోసి, తలుపు దగ్గర పోసి, మళ్లీ లోపలికి. పైకప్పు కూలకుండా గవ్వపెంకు ముక్కలు తెచ్చి ఆనించింది. ఒక ముక్క సరిగ్గా కూర్చోలేదు. తీసింది, తిప్పింది, మళ్లీ పెట్టింది. అప్పటికీ నచ్చక ఇంకో ముక్క తెచ్చింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నా కింద పనిచేసిన వాళ్లలో ఒక అతుకు బాగా రాలేదని తమంతట తాము విప్పి మళ్లీ వేసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. దానికి మేస్త్రి అని పేరు పెట్టాను.

చేప ఏం చేస్తుందంటే, సొరంగం గుమ్మంలో నిలబడుతుంది. అంతే, అదే దాని ఉద్యోగం. మేస్త్రి ఇసుక మోస్తున్నంతసేపూ మీసం ఒకటి చేప తోక మీద ఆనించి ఉంచుతుంది. ఏదైనా అలికిడైతే చేప తోక ఆడిస్తుంది, ఇద్దరూ లోపలికి దూకేస్తారు. చేపకి సూపర్‌వైజర్ అని పేరు పెట్టాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి జీతం తీసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మేస్త్రి ముందు కూర్చోవడం అలవాటైంది. అల్లుడు గదిలోంచి వస్తున్న చప్పుడు వినపడితే పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి.

అలా ఓ మూడు నెలలు గడిచాక, అల్లుడి అక్కగారింట్లో ఏదో పని పడి, ఇద్దరూ పది రోజులు ఊరెళ్లాల్సి వచ్చింది. వెళ్లేముందు అల్లుడు నా చేతిలో ఓ కాగితం పెట్టాడు. కంప్యూటర్లో గీసిన బొమ్మ. తొట్టి, టేపు గీత, గ్లాసు, బాల్కనీలో డబ్బా, డబ్బా వైపు బాణం గుర్తు. డబ్బా ఎక్కడుందో నాకు బాణం గుర్తు పెట్టి చూపిస్తున్నాడు. ఆ బాల్కనీలో కుళాయి బిగించింది నేను.

"రోజుకో గ్లాసు మామయ్యా. డబ్బాలో నీళ్లే. కుళాయివి మాత్రం వద్దు. ఏమీ అనుకోకండి" అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మరోసారి చెప్పాడు. మెట్ల మీంచి ఇంకోసారి.

"నాన్నా, ఈ ఒక్కటీ ఆయన చెప్పినట్టు చెయ్యి. మేస్త్రిగాడంటే ఆయనకి ప్రాణం" అంది అమ్మాయి.

మేస్త్రిగాడట. పేరు పెట్టింది నేను, ప్రాణం ఆయనకి.

తలుపేసుకున్నాక నా రక్తం ఉడికిపోయింది. నా పైపుల్లోంచి వచ్చే నీళ్లు ఓ రొయ్యకి పనికిరావు. ఆసుపత్రిలో పసిపిల్లలకు స్నానం చేయించిన నీళ్లు నేను వేసిన లైన్లోంచి వచ్చాయి. క్లోరిన్ వాసన పోవాలంటే కాసేపు గాలికి పెట్టాలని మాత్రం నాకు తెలీదా?

ఇప్పుడు నా పనిలో ఒక సంగతి చెప్పాలి. కొత్తగా రాగి లైను వేసిన ప్రతి ఇంట్లోనూ, పని అప్పజెప్పేటప్పుడు ఇంటావిడను పిలిచి ఓ మాట చెప్తాం. పొద్దున్నే కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు తాగొద్దమ్మా, వంటకి వాడొద్దు. రాత్రంతా పైపులో నిలబడిన నీళ్లవి, లోహం రుచి దిగుతుంది. ఓ సగం బకెట్టు వదిలేసి ఆ తర్వాత పట్టుకోండి. నలభై ఒక్క ఏళ్లలో ఈ మాట చెప్పకుండా ఏ ఇంటి గడపా దాటలేదు. ఈ ఇంట్లో కూడా రోజూ పొద్దున్న ఆ మొదటి నీళ్లు నేనే గిన్నెలోకి పట్టి, బాల్కనీలో మొక్కలకు పోస్తుంటాను.

మర్నాడు పొద్దున్న ఆ గిన్నెలోంచే ఓ గ్లాసు తీసి పక్కన పెట్టాను. గంటసేపు గాలికి ఉంచి తొట్టిలో పోశాను. పారబోసే నీళ్లే కదా, ఈ బకెట్టు సముద్రానికి ఇంతకంటే ఎందుకు అనుకున్నాను. పది రోజులూ అదే చేశాను. డబ్బా మూత తియ్యలేదు.

ఆరో రోజు ఒక నత్త గాజు మీంచి ఊడి వెల్లకిలా పడింది. బద్ధకం అనుకున్నాను. ఎనిమిదో రోజుకి మిగతా రెండూ పడ్డాయి, పగడం గుండీలన్నీ ముడుచుకుపోయాయి. మేస్త్రి ఇసుక మొయ్యడం మానేశాడు. గుమ్మం ముందు ఇసుక జారి సగం మూసుకుపోయినా బయటికి రాలేదు. సూపర్‌వైజర్ మాత్రం భేషుగ్గా నిలబడి ఉన్నాడు. పనివాడికి ఓ రోజు సెలవుండదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ రెండు రోజులూ కాఫీ వంటగదిలోనే తాగాను.

వాళ్లొచ్చారు. అల్లుడు భుజం మీద సంచి దించకుండానే తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"మామయ్యా, డబ్బాలో నీళ్లే పోశారు కదా?"

గొంతులో నిష్ఠూరం లేదు. మామూలుగా అడిగాడు. పక్కనే అమ్మాయి నా వైపు చూస్తోంది. ప్లాన్లు గీసేవాడు నన్ను నిలబెట్టి ప్రశ్న అడుగుతున్నాడు, కూతురు సాక్షిగా చూస్తోంది అనిపించింది.

"పోశాను. నీ బాణం గుర్తు చూసుకుని మరీ పోశాను" అన్నాను.

అతను తలూపాడు. ఊరి నుంచి తెచ్చిన తడి తువాళ్లు ఆరెయ్యడానికి బాల్కనీలోకి వెళ్లాడు, వచ్చాడు. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు వాళ్లిద్దరూ పనులకు వెళ్లాక నేను బాల్కనీలోకి పోయి డబ్బా మూత తీశాను. రోజుకో గ్లాసు లెక్కన పది గ్లాసులు కొలిచి సింకులో ఒంపేశాను. పదకొండో గ్లాసు పొయ్యలేదు. ఆ మాత్రం పనితనం నాకింకా మిగిలే ఉంది.

తర్వాత మూడు రోజులు అల్లుడు తొట్టిలో నీళ్లు మారుస్తూనే ఉన్నాడు. మేస్త్రి బయటికి రాలేదు. నాలుగో రోజు ఆదివారం, సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుని షాపుకి బయలుదేరాడు. నేనూ వస్తానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

షాపాయన గొంతు పెద్దది. గొట్టంలో నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి, దీపం కిందికి పట్టి చూపించాడు. నీళ్లు నీలంగా మారాయి.

"రాగి సార్. చేపకేం కాదు గానీ రొయ్యలకీ నత్తలకీ ఇది విషం. ఇంట్లో రాగి పైపులేమైనా ఉన్నాయా?"

నా నాలుక అంగిలికి అంటుకుపోయింది. మొదటి నీళ్లు తాగొద్దమ్మా అని ఇన్ని వేలమందికి చెప్పిన నాలుక అది.

"ఉన్నాయండీ. కానీ నేను కుళాయి నీళ్లు వాడను" అన్నాడు అల్లుడు. "పొరపాటు నాదే. హీటరు పట్టించిన క్లిప్పు ఇత్తడిది. నీళ్లలో మునిగి ఉంది, చూసుకోలేదు."

షాపాయన అందరిముందూ కడిగేశాడు. ఇత్తడి ఎవరైనా పెడతారా సార్, చదువుకున్నవాళ్లు, పుస్తకం ఇచ్చాను కదా, చదవలేదా అని. అక్కడున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. అల్లుడు తల వంచుకుని విన్నాడు. ఆ క్లిప్పు ప్లాస్టిక్‌ది. ఇత్తడిని నేను వీధి అవతలి నుంచి గుర్తుపడతాను. ఈ మనిషికి ఇత్తడికీ ప్లాస్టిక్‌కీ కూడా తేడా తెలీదా అని ఒక్క క్షణం అసహ్యించుకున్నాను. పాత అలవాటు కదా, ఆ క్షణంలో కూడా వదల్లేదు.

"రాళ్లూ ఇసుకా రాగిని పీల్చేసి ఉంటాయి. అవి ఇంక పనికిరావు, పారెయ్యాల్సిందే. ముందు రొయ్యను ఇవాళే బయటికి తీసి ఈ మంచి ఉప్పునీళ్లలో వెయ్యండి. బతికితే బతుకుతుంది" అని ఓ డబ్బా ఇచ్చాడు షాపాయన.

ఇంటికొచ్చాక అల్లుడు రాయిని రెండుసార్లు పట్టుకోబోయి వదిలేశాడు. రాయి జారితే కింద సొరంగం, దానిలో మేస్త్రి. "తప్పుకో" అన్నాను. చొక్కా చేతులు పైకి మడిచి నేనే దిగాను. పై రాయి తీశాను. కింది రాయిని ఒక చేత్తో ఆపి, రెండో చేతి వేళ్లతో ఇసుక కొంచెం కొంచెం తోశాను. గవ్వపెంకులు పేర్చిన గోడ అలాగే ఉంది. ఇంత పని చేశాడు వీడు. చిట్టచివర, గోడ మూలకి, పక్కకి ఒరిగి ఉన్నాడు. ఒక మీసం కదిలింది. టీ గ్లాసులోకి ఎత్తి, షాపాయన ఇచ్చిన నీళ్లలోకి మెల్లగా వదిలాను.

గంటా గంటన్నర ఇద్దరం ఆ డబ్బా ముందు నేల మీద కూర్చున్నాం. మీసం రెండుసార్లు కదిలింది. తర్వాత కదల్లేదు. అల్లుడు చెంచాతో నీళ్లను కాస్త కదిపి చూశాడు. మేస్త్రి నీళ్లు ఎటు పోతే అటు పోయాడు.

అమ్మాయి బయటి నుంచి వచ్చి మా మొహాలు చూసి ఏమైందని అడిగింది.

"పోయాడు. నా పొరపాటే" అన్నాడు అల్లుడు. "మామయ్య మొదట్నుంచీ అంటున్నది నిజమే. ఇది నాకు చేతనయ్యే పని కాదు. చేపను షాపులో ఇచ్చేస్తాను. ఇంక పెట్టను."

ఇన్ని నెలలుగా నేను వినాలనుకున్న మాట అదే. ఆ తొట్టి పెట్టిన రోజు నుంచీ ఎదురుచూస్తున్నాను. విన్నాను.

"అల్లుడూ" అన్నాను. "బాల్కనీ డబ్బాలో నీళ్లు నేను పొయ్యలేదు. కుళాయివి పోశాను. పొద్దున్నే వచ్చే మొదటి నీళ్లు. అవి ఎవరూ తాగకూడదని తెలిసే పోశాను."

అమ్మాయి "నాన్నా" అంది.

అల్లుడు డబ్బాలోకే చూస్తున్నాడు. "తెలుసు మామయ్యా" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మేం వచ్చిన రోజు బాల్కనీలో డబ్బా నిండుగా ఉంది. మర్నాడు సాయంత్రం చూస్తే పది గ్లాసులు తగ్గింది."

నా చేతుల మీద ఇంకా ఇసుక ఉంది. తుడుచుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూశాను.

"తెలిసీ మరి నన్నెందుకు అడగలేదు?"

"ఒకసారి అడిగాను కదా" అన్నాడు. "మళ్లీ అడిగితే మీరు మళ్లీ అదే చెప్పాల్సి వచ్చేది."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని అతని మొహం వెతికాను. ఉంటే బాగుండుననిపించింది. లేదు. అతని స్థానంలో నేనుంటే ఆ డబ్బా తెచ్చి అందరి మధ్యా పెట్టి అడిగేవాణ్ణి.